మన్యమునకు వచ్చిన వేసవి సేవకులు

భద్రాచలమనినతోడనే మనకు గోదావరి మెట్లు, నవమినాటి తలంబ్రాలు, కంచర్ల గోపన్న చెఱసాల స్ఫురించును. స్ఫురింపవలసినదే. కాని ఆ గుడిగోపురము దాటి, ఏటికెదురుగా కొన్ని క్రోసులు పోయినచో దుమ్ముగూడెమను ఊరు కలదు. ఆ యూరి చరిత్ర మన ప్రాంతమువారికే అంతగా తెలియదు. వేసవి సెలవులలో పట్టణముల చర్చీలనుండి పడుచువాండ్రు జట్లుగా గూడి, పలుగులు, పారలు, మందుల పెట్టెలు పట్టుకొని కోయపల్లెలకు వచ్చి, వారము పదిదినములు పనిచేసి పోవుట మీలో కొందరు చూచియే యుందురు. వీరెందుకు వచ్చెదరు, వీరివలన ఒరిగినదేమి అని రచ్చబండలయొద్ద వాదములు జరుగుట నేను విన్నాను. ఒకప్పుడు ఆ వాదము చేసినవారిలో నేనును ఒకడను. నేను క్రైస్తవుడను కాను. తండ్రిగారియొద్ద అమరము, శబ్దమంజరి వల్లించి, భాషాప్రవీణ పరీక్ష నిచ్చి, తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా బడులలో గడపినవాడను. అయినను ఈ రాకపోకల కథ చెప్పవలెనని నాకు తోచుటకు ఒక కారణమున్నది. దానిని కడపట మనవిచేసెదను.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది. అటుపిమ్మట కాటను దొరకును, ఆయన తోడి ఇంజనీర్లకును మఱియొక యూహ పుట్టినది. బేరారు, నాగపురము సీమల ప్రత్తిని పడవలమీద గోదావరిలో దింపి సముద్రమునకు చేర్పవలెనని. నదిలో మూడుచోట్ల రాతిబండలు అడ్డుపడి పడవలను సాగనీయవు. వానిలో మొదటి అడ్డు దుమ్ముగూడెము కడనే యున్నది. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టుటకు పూనుకొనిరి. 1860లో నైజాము ప్రభువు ఎడమగట్టు సీమలను ఇంగ్లీషువారికి వదలుకొనెను. నాటినుండి భద్రాచలము ఒక రాజ్యము, ఎదుటి గట్టు మఱియొక రాజ్యము అయినవి. 1874లో భద్రాచలము, రేకపల్లె తాలూకాలను మధ్యపరగణాలనుండి తీసి మద్రాసులోని గోదావరి జిల్లాలో కలిపిరి.

ఆ పనులపై నుండిన ఇంజనీరు కెప్టెన్ హేగు. ఈయన 1860లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున కోయలకొఱకు ఒక మిషనును నెలకొల్పించెను. అయితే ఇందు ముఖ్యుడని నేను తలచునది హేగు కాదు. ఆ పనులలోనే ఉద్యోగియైన మన తెలుగువాడు, క్షత్రియుడు, వేంకటరామరాజు. ఆయన క్రైస్తవమును స్వీకరించి, జీతపు కొలువు వదలి, ఆ మన్యములోనే బోధకుడుగా నిలిచెను. ఇంగ్లీషు దొరల పేర్లు పుస్తకములలో నిలిచినంతగా ఈయన పేరు మన నోళ్ల నిలువలేదు. జ్వరముల సీమలో బ్రతుకు వెళ్లదీసిన మనవానిని మనమే మఱచితిమి.

1871లో ఆ పడవదారి పనులను సర్కారు మానివేసినది. ఖర్చు చాల, ఫలము తక్కువ. ఇంజనీర్లు వెడలిపోయిరి, లాకులు మిగిలినవి. మిషను మాత్రము పోలేదు. జాన్ కెయిను అను మిషనరీ వచ్చి కోయలనడుమ ఏండ్లతరబడి నివసించి, వారి భాష నేర్చి, భద్రాచలము, రేకపల్లె తాలూకాలను గూర్చి 1876, 1879, 1881 సంవత్సరములలో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో వ్యాసములు వ్రాసెను. ఆయన మతబోధకుడు, ఆ చూపు ఆ వ్రాతలలో లేకపోలేదు. అయినను కోయలను గూర్చి ఏదైన చదువగోరిన వానికి నేటికిని వానిని విడిచి దారిలేదు. మిషను స్త్రీలు అక్కడి ఆడువారికి లేసు అల్లిక నేర్పిరి. దుమ్ముగూడెము లేసు అను పేరు అట్లు వచ్చినదే.

ఇంకొక మాటయు చెప్పవలెను. సేవ వచ్చిన త్రోవననే అడవి చట్టములును వచ్చినవి. పోడుమీదను, కల్లుమీదను ఆంక్షలు పెరిగి 1879లో రంపలో పితూరీ లేచినది. అది ఆ యేడే రేకపల్లె వఱకు పాకినది. తెల్లవాడు ఒక చేత మందు, ఒక చేత పన్ను పట్టుకొని వచ్చినప్పుడు కోయ ముసలివాడు రెంటిని వేరుచేసి చూడలేదన్నచో తప్పు వానిది కాదు.

ఇక ఈవలిగట్టు కథ. ఖమ్మమునకు ఉత్తరమున డోర్నకల్లు జంక్షను మీరెఱుగుదురు. కొత్తగూడెము పోవు రైలుదారి అచ్చటనే చీలును. ఆ డోర్నకల్లునకు వేదనాయకము శామ్యూల్ అజరయ్య అను తమిళుడు వచ్చి స్థిరపడినాడు. 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టినవాడు. మొదట యువజనుల సంఘమైన వై.ఎం.సీ.ఏ.లో కార్యదర్శి. ఆ పనిమీద 1902లో సింహళములోని యాళ్పాణము పోయినప్పుడు అక్కడి విద్యార్థులు తమలోతాము చందాలు వేసికొని సముద్రమున కీవల మన దేశమునకు ఒక సేవకుని పంపుచుండుట చూచెను. కుఱ్ఱవాండ్రు చేయుపని మనము చేయలేకపోతిమే యని ఆయన సిగ్గుపడెను. మరుసటియేడు, 1903లో, పాళయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. దాని సేవకులను పంపిన చోటు మన డోర్నకల్లు ప్రాంతమే. 1909లో అజరయ్యయే ఉద్యోగము వదలి ఇటు వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనయే. పిదప దుమ్ముగూడెము కూడ ఆయన మండలములోనికే చేరినది.

ఈ అజరయ్య 1910లో ఎడింబరో మహాసభలో లేచి దొరల మొగముననే ఒక మాట చెప్పెను. మీరు మాకు సొమ్మిచ్చితిరి, బ్రతుకులను గూడ ధారపోసితిరి, కాని మాకు కావలసినది స్నేహము, అది యిచ్చుట మీకు ఇంకను రాలేదు అని దాని భావము. ఆ మాట దొరలకు చెప్పినదే యైనను, కోయపల్లెకు పోవు మన పట్టణపు వారికిని సరిపోవును. నాకైతే మఱింత సరిపోయినది.

సెలవులలో పోయి ఒడలువంచి పనిచేసి వచ్చు పద్ధతి మఱియొక దిక్కునుండి పుట్టినది. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప 1920లో స్విట్జర్లండు దేశస్థుడు పియేర్ సెరెసోలు అనునాయన, ఫ్రాన్సులో వెర్డను దాపున కూలిన పల్లెను లేపుటకు పలుదేశములవారిని చేర్చెను. నిన్నటి శత్రువులైన జర్మనులును అందులో ఉండిరి. 1934లో బిహారున భూకంపము రాగా ఆయన మన దేశమునకే వచ్చి అక్కడి పల్లెలలో పాటుపడెను. మన సర్కారు 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము ప్రారంభించినది. చర్చీల యువజనులు, కళాశాలల విద్యార్థులు, అందఱును ఈ త్రోవ పట్టినవారే.

ఇప్పుడు నా కారణము. 1985 మే నెల. నేను గోదావరి యొడ్డున ఒక కోయపల్లెలో ఏకోపాధ్యాయుడను. బడికి గుడిసె తప్ప వేఱు నీడ లేదు. కోస్తా పట్టణపు చర్చినుండి పదునెనమండ్రు పడుచువాండ్రు, పిల్లలును పెద్దలును గాని వయసువారు, పదిదినములలో బడికి గోడలు లేపిపోదుమని వచ్చిరి. వచ్చునప్పటికి ఊరు పాడుపెట్టినట్లున్నది. తునికాకు కాలము. ఆడుమగ లందఱు తెల్లవాఱకమునుపే అడవికి పోయి, ఆకు కోసి, కట్టలు కట్టి, సాయంకాలమునకు కల్లమునకు చేర్తురు. ఏడాదిలో చేతికి రొక్కము కనబడు దినము లవి. సేవ చేయవచ్చినవారికి సేవ పుచ్చుకొనువారే కనబడలేదు. ముసలివారు, పసివారు, నేను.

బాట ప్రక్క చదునైన నేల చూచి వారు ముగ్గు పోసిరి. లారీ వచ్చుటకు వీలు, ఇటుక దింపుటకు వీలు. ఊరి పెద్ద కఱ్ఱ పట్టుకొని వచ్చి, నేలను కాలితో తట్టి, కోయభాషలో ఏమో చెప్పెను. అందులో “ఏరు” అను మాట రెండు మూడుసారులు వినబడినది. జట్టు నాయకుడు చుట్టు చూచి, “ఏరా? ఏరు అరమైలు దూరమున ఉన్నది గదా తాతా!” అని నవ్వెను. తక్కినవారును నవ్విరి. ముసలివాడు నావంక చూచెను.

కోయభాషలో నీటిని ఏరు అందురు. మనము పాఱు నీటికి పెట్టుకొన్న పేరు వారికి నీరంతటికిని పేరు. పండితుడను గదా, ఆ యేడాదిలో అటువంటి మాటలు కొన్ని కూర్చుకొని మురిసియుంటిని. ఇక్కడ వానకు నీరు నిలుచును అని ఆయన చెప్పుచున్నాడని నాకు తెలిసినది. తెలిసియు నోరు విప్పలేదు. వచ్చి మూడుదినములైనను నన్ను ఒక్కమాట అడుగని వారికి నేనెందుకు చెప్పవలెనను అభిమానము. వారి ఉదయపు పాటలు నాకు రుచింపకుండుటయు ఒకటి. ముసలివాడు కొంతసేపు చూచి వెడలిపోయెను.

పదిదినములలో వారు నిజముగా పాటుపడిరి. అరచేతులు బొబ్బలెక్కినవి, ఇద్దఱు వడదెబ్బకు పడిరి. గోడలు లేచినవి. పంచాయతీవారు పైన రేకులు వేసిరి. జూలై వచ్చినది. మోకాలి లోతు నీటిలో పలకలు తేలినవి. పిల్లలు మరల గుడిసెకే వచ్చిరి. ఆ పెద్ద నన్ను ఒక్కమాట అనలేదు. అనియుండినచో బాగుగ నుండెడిది.

1986 ఆగస్టులో గోదావరి పొంగినది. భద్రాచలముకడ 75.6 అడుగులకు ఎక్కిన ఆ వఱద మీలో పెద్దవారు మఱువరు. మా పల్లె గుడిసెలతో పాటు ఆ గోడలును కూలినవి. వఱద తీసిన వారమునకే ఆ జట్టులోనివారు నలుగురు బియ్యపు మూటలతో పడవమీద వచ్చిరి. ఈమాఱు వేసవి కాదు, సెలవులు కావు. పనులు మానుకొని వచ్చిరి. నేను నాయకుని ప్రక్కకు పిలిచి ఏరు సంగతి చెప్పి క్షమింపుమంటిని. ఆయన చాలసేపు ఊరకుండి, “మేమే అడుగలేదు లెండి, మాస్టరుగారూ” అనెను. అది మర్యాదకొఱకు అన్నదో నిజముగా అన్నదో నేటికిని నాకు తెలియదు.

ఆ యేడు డిసెంబరులో, పంటలు ఇండ్లకు చేరినపిదప, మరల వచ్చిరి. ముసలివాడు వారిని ఊరి వెనుక దిబ్బకు తీసికొనిపోయి కఱ్ఱతో గీత గీచెను. ఈసారి ఊరివారును మట్టి మోసిరి, దూలములు కోసి తెచ్చిరి. నేను మాటలు అటునిటు మార్చుచు కూర్చుంటిని. పండితునికి తగిన కూలి. రాత్రులు నెగడుచుట్టు ఇరువురి పాటలును సాగినవి. కొన్ని నాకును బాగుగనే యున్నవి.

2022 జూలైలో భద్రాచలముకడ నది 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ దిబ్బమీది బడిలో కొన్ని కుటుంబములు తలదాచుకొన్నవని నా పాత శిష్యుడొకడు ఫోనులో చెప్పెను. ఆ చర్చివారి జట్లు ఇప్పుడును పోవుచున్నవట. తునికాకు కాలమున పోవుట మానిరట. పోయినయేడు వారిలో ఒక పిల్ల, ఆ నాయకుని మనుమరాలే, కోయమాటలు కొన్ని వ్రాసి పంపుమని నాకు జాబు వ్రాసినది. నలుబది మాటలు వ్రాసి పంపితిని. వానిలో రెండు తప్పులని ఆ పల్లె కుఱ్ఱవాడొకడు దిద్ది యిచ్చినాడట.