విద్యుత్తు ఆపి పరీక్షించే పద్ధతి

20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికా ఇళ్లలోకి ప్రవేశించిన విద్యుత్ వాషింగ్ మెషీన్లలో మోటారును తరచుగా తొట్టి కిందనే, తగిన కప్పు లేకుండా అమర్చేవారు గనుక, కారిన నీరు దానిపై పడి షార్ట్ సర్క్యూట్‌కూ, ఒక్కోసారి విద్యుద్ఘాతానికీ దారితీసేది. లోపాలను వెతకడానికి వాడే టెస్ట్ ల్యాంపు, అంటే రెండు తీగలు బిగించిన బల్బు, సాధారణంగా సరఫరా ఉన్న వలయంలోనే వెలుగుతుంది కాబట్టి లోపాన్ని వెతకడమే ప్రమాదకరమైన పనిగా ఉండేది.

బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ రూపొందించగా 1923లో వెలువడిన ఆవోమీటరు కరెంటును, వోల్టేజిని, నిరోధాన్ని ఒకే పెట్టెలో కొలిచింది. వీటిలో ఇంటి యంత్రాల మరమ్మతుకు అత్యంత విలువైనది నిరోధ మాపనమే. నిరోధమంటే విద్యుత్ ప్రవాహానికి వస్తువు కలిగించే అడ్డు. దాన్ని కొలవడానికి మీటరు తన బ్యాటరీ నుంచే స్వల్ప కరెంటును పంపుతుంది గనుక, ప్లగ్గు తీసి, భాగాన్ని వలయం నుంచి విడదీసి పరీక్షించడం సాధ్యమైంది. ఉదాహరణకు, 230 వోల్టులపై 2000 వాట్లు వాడే హీటరు సుమారు 26 ఓములు చూపాలి. మీటరు అనంతాన్ని చూపితే లోపలి తీగ తెగిందని అర్థం.

అయితే మోటారు నడవడానికి తోడ్పడే కెపాసిటరు ప్లగ్గు తీశాక కూడా విద్యుదావేశాన్ని నిలుపుకోగలదు. దాని రెండు కొనలను స్క్రూడ్రైవరుతో కలిపి నిప్పురవ్వలు పుట్టించే అలవాటు కంటే, తగిన నిరోధకం ద్వారా దాన్ని ఖాళీ చేసి, వోల్టేజి లేదని మీటరుతో నిర్ధారించుకోవడమే సరైన పద్ధతి.