ఊరి మంటకు ఊరివాళ్లే: డుర్లాఖ్ అగ్నిమాపక దళానికి 180 ఏళ్లు

నైరుతి జర్మనీలో కార్ల్స్‌రూయె నగరానికి తూర్పు అంచున, కొండ పాదాన డుర్లాఖ్ ఉంది. ఇప్పుడది నగరంలో ఒక పేటే గాని, 1938 దాకా విడిగా ఉన్న చిన్న పట్టణం. కార్ల్స్‌రూయె పుట్టిందే 1715లో. అంతకుముందు ఈ ప్రాంతపు ప్రభువులకు రాజధాని డుర్లాఖే. ఇక్కడ 1846లో ఏర్పడిన స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి 2026తో 180 ఏళ్లు నిండుతున్నాయి. జీతం ఆశించకుండా, తమ పనులు తాము చేసుకుంటూనే, పిలుపు వస్తే మంటల్లోకి వెళ్లే మనుషుల సంస్థ ఇన్ని తరాలు నిలిచిందంటే కేవలం మంచితనం వల్ల కాదు. మంచితనానికి శిక్షణ, పనిముట్టు, పని విభజన తోడైనందువల్ల నిలిచింది. ఈ చరిత్ర చదివితే ముందుగా అర్థమయ్యేది అదే.

డుర్లాఖ్‌కు నిప్పు భయం కొత్తది కాదు. 1689లో ఫ్రెంచి సైన్యం పెట్టిన మంటల్లో ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. మళ్లీ కట్టుకున్న ఇళ్లలోనూ కలప వాడకం ఎక్కువే. అగ్నిప్రమాదం జరిగితే ప్రతి ఇంటివాళ్లూ రావాలి, బకెట్లు తేవాలి అన్న నిబంధన ఆ కాలపు జర్మన్ పట్టణాలు చాలావాటిలో ఉండేది. గంట మోగగానే జనం వచ్చేవారు కూడా. అయితే వచ్చినవాళ్లలో ఎవరి మాట ఎవరు వినాలో తేలేది కాదు. బావి దగ్గర తోపులాట, సామాను బయటికి లాగే హడావుడి, అందరూ కలిసి ఒక్కసారే కేకలు. ఎవరి ఇల్లు కాలుతుందో వాళ్ల బంధువులే అందరికన్నా ముందుకు దూకి గాయపడేవారు. మనుషులు కరువై కాదు, క్రమం లేక ఇళ్లు పోయేవి.

ఈ లోపాన్ని గుర్తించి సరిదిద్దినవాడు పట్టణ నిర్మాణాల అధికారి క్రిస్టియన్ హెంగ్స్ట్. ఇళ్లు ఎలా కడతారో తెలిసినవాడు కాబట్టి అవి ఎలా కాలతాయో, ఏ గోడ ఎప్పుడు కూలుతుందో కూడా తెలుసు. అదే రోజుల్లో హైడెల్‌బర్గ్‌లో కార్ల్ మెట్స్ అనే యువ యంత్ర నిర్మాత చేత్తో నడిపే కొత్తరకం అగ్నిమాపక పంపులు తయారుచేస్తున్నాడు. 1846లో డుర్లాఖ్ ఆ పంపు తెప్పించుకుంది. హెంగ్స్ట్ అక్కడితో ఆగలేదు. ఇష్టపడి వచ్చినవాళ్లను ఒక దళంగా కూర్చి, ఆ పంపు మీద సాధన చేయించాడు. పంపు కొన్న ఊళ్లు వేరేవీ ఉన్నాయి. దాన్ని నడిపే దళాన్ని కూడా తయారుచేసుకోవడం డుర్లాఖ్ ప్రత్యేకత.

ఆ పంపు పనితీరు తెలిస్తే దళం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. బండి మీద రెండు సిలిండర్లు, వాటిలో ఒకదాని తర్వాత ఒకటి పైకీ కిందికీ ఆడే రెండు ముషలకాలు. వాటిని ఆడించడానికి అటు కొందరు, ఇటు కొందరు పొడవాటి కర్రలు పట్టుకుని లయ తప్పకుండా పైకీ కిందికీ ఊపాలి. మధ్యలో ఉన్న గాలి గది ఒత్తిడిని సమంగా ఉంచుతుంది కాబట్టి నీరు ఆగి ఆగి కాకుండా ఒకే ధారగా వెళ్తుంది. చేతులు త్వరగా అలిసిపోతాయి. అప్పుడు ధార తెగకుండా రెండో జట్టు అందుకోవాలి. గొట్టం పట్టేవాడు వేరు, నిచ్చెన ఎక్కేవాడు వేరు, నీటి వసతి చూసేవాడు వేరు. వీళ్లందరికీ ఆజ్ఞ ఇచ్చేది ఒక్కడే. ఇది గుంపుతో అయ్యే పని కాదు, ముందే సాధన చేసినవాళ్లతోనే అవుతుంది.

ఏడాది తిరక్కుండానే పరీక్ష ఎదురైంది. 1847 ఫిబ్రవరి 28న కార్ల్స్‌రూయె ఆస్థాన నాటకశాలలో, ప్రదర్శన మొదలుకాబోతుండగా మంటలు లేచాయి. లోపలంతా కలపే. గ్యాస్ దీపాల నిప్పు చూస్తుండగానే అలుముకుంది. 60 మందికి పైగా చనిపోయారు. కబురు అందుకుని డుర్లాఖ్ నుంచి హెంగ్స్ట్ దళం పంపుతో వచ్చింది. అప్పటికి నాటకశాలను కాపాడే స్థితి లేదు. కానీ దాని చుట్టుపక్కల భవనాలకు మంట పాకకుండా వాళ్లు నిలువరించారు. రాజధాని నగరం గుంపుగా తల్లడిల్లుతుంటే పక్క ఊరి చేతివృత్తులవాళ్లు వరుస తప్పకుండా పనిచేయడం అందరూ చూశారు. ఆ ఏడాదే కార్ల్స్‌రూయె సొంత స్వచ్ఛంద దళం ఏర్పాటు చేసుకుంది. చుట్టుపక్కల పట్టణాలు, వాటి వెనుక పల్లెలు అదే బాట పట్టాయి.

మొదటి దళం మాదేనని చెప్పుకునే ఊళ్లు జర్మనీలో మరికొన్ని ఉన్నాయి. సాక్సనీలోని మైసెన్ తన దళాన్ని 1841 నాటిదిగా లెక్కిస్తుంది. ఆ పోటీ ఎలా తేలినా, ఈ పద్ధతి దేశమంతా పాకడానికి డుర్లాఖ్ ఉదాహరణ బలమైన కారణం. 1853లో ఉల్మ్ నగరవాసి కాన్రాడ్ డీట్రిష్ మాగిరుస్ చొరవతో ప్లోఖింగెన్‌లో కొన్ని దళాలు సమావేశమయ్యాయి. జర్మన్ అగ్నిమాపక సంఘం తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కిస్తుంది. మాగిరుస్ తర్వాత అగ్నిమాపక నిచ్చెనల తయారీలో పేరు తెచ్చుకున్నాడు. ఈ పద్ధతి దూరపు దీవులకూ, పిల్లలకూ చేరింది. ఉత్తర సముద్రంలోని ఫ్యోర్ దీవిలో ఓవెనుమ్ అనే చిన్న పల్లె 1882లోనే పిల్లల దళం పెట్టింది. మగవాళ్లు సముద్రం మీదికి వెళ్లే ఊరు అది. ఇంటి దగ్గర మిగిలినవాళ్లు నేర్చుకోక తప్పలేదు.

ఉత్సవ సందర్భం కదా అని దాటేయకూడని పుట ఒకటి ఈ చరిత్రలో ఉంది. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలకు నిప్పు పెట్టారు. వాటిని ఆర్పవద్దని, పక్క ఇళ్లకు పాకకుండా మాత్రమే చూడమని అగ్నిమాపక దళాలకు ఆదేశాలు వచ్చాయి. ఎన్నో ఊళ్లలో పంపులు, గొట్టాలు, శిక్షణ పొందిన మనుషులు అన్నీ ఉండి కూడా దళాలు మంట ముందు ఊరికే నిలబడ్డాయి. అదే నెల 23న వచ్చిన చట్టం దళాలను పోలీసు శాఖకు అనుబంధంగా మార్చింది. సభ్యులు నడుపుకునే సంఘాలు రద్దయ్యాయి. ఎవరి ఇల్లయినా ఆర్పాల్సిందే అన్న మొదటి మాట పోయాక ఎంత గొప్ప దళమూ దళం కాదు. జయంతి జరుపుకునే ప్రతి దళమూ ఈ సంగతిని తన కొత్త సభ్యులకు చెప్పాలి.

యుద్ధం తర్వాత దళాలు మళ్లీ స్థానిక పాలన కిందికి వచ్చాయి. ఇప్పుడు డుర్లాఖ్ ఉన్న బాడెన్-వూర్టెంబెర్గ్ రాష్ట్ర చట్టం ప్రకారం ఎంత చిన్న పంచాయతీ అయినా సమర్థమైన అగ్నిమాపక దళాన్ని తన ఖర్చుతో నడపాలి. లక్ష జనాభా దాటిన నగరాలకు జీతాలిచ్చే దళం తప్పనిసరి. అలాంటి కార్ల్స్‌రూయెలో కూడా డుర్లాఖ్ స్వచ్ఛంద దళం కొనసాగుతోంది. జర్మనీ మొత్తం మీద ఇలాంటి సభ్యులు దాదాపు 10 లక్షలు. వడ్రంగి, ఉపాధ్యాయురాలు, రైతు, ఇంజనీరు ఒకే వాహనం ఎక్కుతారు. పిలుపు వస్తే యజమాని వాళ్లను పని మధ్యలో వదలాలి, ఆ సమయానికి జీతం కోయకూడదు. ఇప్పుడు మంటలకన్నా రోడ్డు ప్రమాదాలు, గాలివానలు, వరదలకే ఎక్కువసార్లు వెళ్తున్నారు. పనిముట్లు మారాయి, సాధన మాత్రం ఆగలేదు.

మన పల్లెలకు ఈ కథతో నేరుగా ముడి ఉంది. ఎండాకాలం గడ్డివాములు, పూరిళ్లు అంటుకుంటే బిందెలతో, తడిపిన గోనెసంచులతో ముందు పరిగెత్తేది ఇరుగుపొరుగువాళ్లే. ఫైరింజను పట్టణం నుంచి వచ్చేసరికి సగం పని వాళ్లు చేసి ఉంటారు, లేదా ఇల్లు పోయి ఉంటుంది. ఆ పరిగెత్తే మనసు మనకు పుట్టుకతో ఉంది. 1846కు ముందు డుర్లాఖ్‌కూ అది ఉంది. తర్వాత వాళ్లు దానికి కలుపుకున్న శిక్షణ, పనిముట్టు, పని విభజనే మనకు కావాలి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుళ్లలో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుపుతున్నాం. ఆ వారంలో ప్రతి పంచాయతీ ఒక మోటారు పంపు, సరిపడా గొట్టం, పేర్లు రాసుకున్న పాతికమంది, నెలకొక సాధన రోజు అనే నిర్ణయం తీసుకుంటే చాలు. పొలానికి నీళ్లు పెట్టే ఇంజను మన ఊళ్లకు తెలియనిది కాదు. దాని దగ్గర ఎవరుండాలి, గొట్టం ఎవరు పట్టాలి, కరెంటు ఎవరు తీయించాలి, పిల్లల్ని, ముసలివాళ్లను ఎవరు బయటికి తేవాలి అన్నవి నిప్పు పుట్టకముందే తేల్చుకోవాలి. డుర్లాఖ్ 180 ఏళ్లుగా చేస్తున్నది ఇదే. వచ్చే ఎండాకాలం లోపల మనమూ మొదలుపెట్టవచ్చు.