డిస్క్ గోల్ఫ్ డిస్కుల అద్దకము: ప్లాస్టిక్కు ఎంపిక

డిస్క్ గోల్ఫ్ అనునది బంతికి మారుగా ప్లాస్టిక్కు డిస్కును విసరి, గొలుసులు వ్రేలాడు బుట్టలో సాధ్యమైనన్ని తక్కువ విసరులతో పడవేయు క్రీడ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఎడ్ హెడ్రిక్ రూపకల్పనచే 1975లో వెలసిన ఓక్ గ్రోవ్ మైదానము దీనికి తొలి శాశ్వత క్రీడాస్థలముగా పరిగణింపబడుచున్నది. ఆటగాండ్రు తమ డిస్కులపై అభిమత చిత్రములను, వర్ణమిశ్రమములను అద్దించుకొనుట ఈ క్రీడ ననుసరించి పెరిగిన హస్తకళ. ఇందు కళాకారుని నైపుణ్యముకంటె ముందుగా ఫలితమును నిర్ణయించునది ప్లాస్టిక్కు గుణమే.

రంగు నిలుచు విధము. ఈ అద్దకము పైపూత కాదు. నీటిలో దాదాపు కరుగక, సూక్ష్మకణములుగా వ్యాపించియుండి, వేడిమివలనగాని అసిటోను వంటి ద్రావకము తోడ్పాటువలనగాని ప్లాస్టిక్కు అణుశృంఖలముల నడుమ జొచ్చి నిలుచు డిస్పర్స్ రంగులే ఇందుకు తగినవి. పాలిస్టరు వస్త్రములకై విక్రయింపబడు ఐడై పాలీ, రిట్ డైమోర్ అనునవి ఈ జాతివి. నూలుబట్టల రంగులు ఇచట పనికిరావు.

శ్రేణుల తారతమ్యము. డిస్కుల తయారీసంస్థలలో ఇన్నోవావారి చాంపియన్, స్టార్, డిస్‌క్రాఫ్ట్‌వారి జెడ్, ఈఎస్పీ, లాటిట్యూడ్ 64 వారి ఆప్టో, గోల్డ్ మున్నగు మేలిరకములు రంగును చక్కగా గ్రహించును. చేతికి మంచి పట్టునిచ్చి, వెల తక్కువగా నుండు డీఎక్స్, ప్రో-డీ వంటి ప్రాథమిక రకములపై రంగు పాలిపోయియో, మచ్చలుగానో కనబడును. మేలిరకములలో చాంపియన్, జెడ్, ఆప్టో అర్ధపారదర్శకములగుటచే కాంతి లోనికిఁ బోయి వర్ణమునకు లోతు కలిగించును గాని, లేత ఛాయలు వాటిపై వెలవెలబోవును. స్టార్, ఈఎస్పీ, గోల్డ్ రకములందు మాత్రము సన్నని రేఖల అంచులు స్ఫుటముగా తేలును.

డిస్కును పరీక్షించుట. రంగులన్నియు పారదర్శకములే కావున పసుపు డిస్కుపై నీలము అద్దిన ఆకుపచ్చ యగును. తెల్లరంగును అద్దుట అసాధ్యమగుటచే, చిత్రములోని తెలుపంతయు డిస్కు సహజవర్ణమే కావలయును. ముద్రితమైన రేకుముద్రను అసిటోనులో తడిపిన గుడ్డతో తుడిచివేయవచ్చును. అయినను ఆ ముద్ర ఒత్తిడిచే ఏర్పడిన పల్లము పలుమారు నీడవలె మిగిలి, అద్దకములో బయటపడును. డిస్కు పైభాగము మిక్కిలి ఉబ్బెత్తుగా నున్నచో, చిత్రమును అద్దుటకై దానిపై అతికించు వినైలు అచ్చుకాగితము ముడుతలు పడును. రంగు కలిపిన లోషన్ పరచి దానిపై డిస్కును బోర్లించు పద్ధతిలో గాలిబుడగలు చిక్కుకొని తెల్లమచ్చలను మిగుల్చును. ఒకే పేరు గల ప్లాస్టిక్కు సైతము ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క రీతిగా రంగు పట్టును గనుక, ముందుగా అడుగుభాగమున చిన్న చుక్క పెట్టి చూచుట మేలు. వేడి రంగునీట ముంచి అద్దునపుడు, నీరు మరుగుచున్నచో డిస్కు మెత్తబడి వంకరపోవును; కనుక నీటి వేడిమి అంతకు చాల దిగువననే యుండవలెను.

నియమములు. 1976లో స్థాపితమైన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ నియమముల ప్రకారము, స్పర్శకు తెలియునంత మందముగల పూత పూసిన డిస్కు పోటీలకు నిషిద్ధము. అద్దకము ప్లాస్టిక్కులోనే ఇమిడి, పైన మందమేమియు మిగుల్పదు. అందుచే అద్దిన డిస్కులు పోటీలందు చెల్లును. తొలిసారి ఈ కళ నభ్యసింపఁగోరువారు ముద్రలేని, సమతలమైన, తెల్లని స్టార్ లేక ఈఎస్పీ డిస్కుతో ఆరంభించుట ఉత్తమము.