డేవ్ గాడి కప్పు: నిజామాబాద్ ల్యాబుల్లో ఒక కాపీ ఆట చరిత్ర

తొంభైల చివర్లోనో, రెండువేల మొదట్లోనో నిజామాబాద్ వైపు చదువుకున్నవాళ్ళని ఒక ప్రశ్న అడిగి చూడండి: కంప్యూటర్ మీద మీరు ఆడిన మొదటి ఆట ఏది? మారియో అనేవాళ్ళు ఉంటారు గానీ, అది టీవీకి తగిలించే కేసెట్ల ఆట. కంప్యూటర్ అనగానే చాలామంది నోట వచ్చే పేరు డేవ్. కొందరు ఇప్పటికీ 'డేవ్ గాడు' అనే అంటారు, పక్కింటి పిల్లవాడి గురించి చెప్పినట్టు.

ఆట పూర్తి పేరు డేంజరస్ డేవ్. ప్లాట్‌ఫామ్ గేమ్ అంటారు ఈ రకాన్ని. పక్కనుంచి కనిపించే బొమ్మ లోకంలో గట్టు మీంచి గట్టుకి దుంకుకుంటూ పోవడమే పని. కథ కూడా పెద్దగా లేదు. ఓడదొంగలు వదిలేసిపోయిన ఒక పాడుబడ్డ స్థావరం. అందులో పది అంకాలు. ప్రతి అంకంలో ఒక బంగారు కప్పు. కప్పు తీసుకుంటే తప్ప తలుపు తెరుచుకోదు. దారిలో మంటలు, నీళ్ళు, ఊదారంగు తీగలు ఉంటాయి. ఏది తగిలినా డేవ్ పేలిపోతాడు. కిరీటాలు, రాజదండాలు ఏరుకుంటే పాయింట్లు. ఒక్కో అంకం దాటినప్పుడల్లా తెర మీద మెచ్చుకోలు వస్తుంది: భేష్, ఇంకా తొమ్మిదే మిగిలాయి! మొదటి అంకం దాటిన పిల్లవాడికి ఈ మాట అభినందనో వెక్కిరింతో తెలిసేది కాదు. ఈ ఆటలో హాస్యమంతా ఇలాంటిదే, మొహంలో నవ్వు కనబడనీయని హాస్యం.

దీన్ని రాసింది జాన్ రొమేరో. 1988లో, ఇరవయ్యో ఏట, అమెరికాలో 'అప్‌టైమ్' అనే డిస్కు పత్రిక కోసం రాశాడు. డిస్కు పత్రిక అంటే కాగితానికి బదులు ఫ్లాపీ మీద వచ్చే పత్రిక. బొమ్మలు గీయడానికి బేసిక్ భాషకి తాను జోడించిన ఒక పనిముట్టు గురించి వ్యాసం రాసి, దానికి ఉదాహరణగా ఈ ఆటని జతచేశాడు. మొదట ఆపిల్ కంప్యూటర్ మీద వచ్చింది, తర్వాత మామూలు పీసీ మీదికి మారింది. నింటెండో వాళ్ళ సూపర్ మారియో ప్రభావం ఇందులో దాచినా దాగదు. అంటే పుట్టుకలోనే ఇది ఒక అనుకరణ, అదీ ఒక వ్యాసం వెనక అతికించిన నమూనా. అలాంటిదాన్ని ఏ విమర్శకుడు కూర్చుని సమీక్షిస్తాడు? దానికి దొరికిన అసలు విమర్శకులు ఎక్కడో ఉన్నారు. ఆ 'ఎక్కడో'లో నిజామాబాద్, బోధన్ కూడా ఉన్నాయి.

ఎలా వచ్చింది ఇక్కడికి? ఏ దుకాణమూ అమ్మలేదు. కొన్నవాళ్ళని నేనైతే చూడలేదు. ఫ్లాపీ మీద వచ్చింది. ఎవరో అన్న హైదరాబాద్ నుంచి తెచ్చాడు, ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మెషిన్‌లో వేశాడు, అక్కడినుంచి ఇంకో మెషిన్‌కి పాకింది. సైజు చూస్తే ఒక్క ఫ్లాపీ కూడా నిండదు. రంగుల మానిటర్ లేకపోయినా, సౌండ్ కార్డు లేకపోయినా నడుస్తుంది. కంప్యూటర్ లోపలి చిన్న స్పీకర్ కీచుమంటే అదే సంగీతం. అంటే చిన్న ఊళ్ళ ల్యాబుల్లో పడి ఉండే పాత మెషిన్లకి ఇంతకంటే సరిపోయే ఆట లేదు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా కూడా ఉండేది గానీ, అందులో కత్తి పట్టేదాకా ఓపిక ఉండాలి. డేవ్‌కి ఓపిక అక్కర్లేదు, పై బాణం నొక్కితే చాలు.

ఇంకో సంగతి. డాస్ తెర మీద డైరెక్టరీ మార్చడం, ఫైళ్ళ జాబితా చూడటం, ఫైలుని కాపీ చేయడం మాలో చాలామందికి సార్ చెప్పి వచ్చినవి కావు. ల్యాబు సార్ డేవ్‌ని ఏ మూల ఫోల్డర్‌లో దాచాడో వెతకడం కోసం వచ్చాయి. సార్ పేరు మార్చి దాచేవాడు, మేం వెతికి పట్టేవాళ్ళం. ఆ వేటలో సగం సిలబస్ అయిపోయింది.

ఆట మాత్రం ఒక్కరిది కాదు. ఒక మెషిన్, ముగ్గురు నలుగురు పిల్లలు. కీబోర్డు ఒకడి చేతిలో, బుద్ధి మిగతావాళ్ళ దగ్గర. "అరేయ్, మంట మీదికెళ్ళి దుంకు!" "జర ఆగురా." "కప్పు దొరికిందా? ఇగ తలుపు దిక్కు ఉరుకు!" డేవ్ పేలిపోగానే నవ్వు, ఆ వెంటనే కుర్చీ ఖాళీ చేయమని తోపులాట. ఒక్కడే కూర్చుని ఆడితే ఇది చాలా సాదా ఆట. నలుగురు వెనక నిలబడితేనే హాస్యం పుడుతుంది. నాటకాన్ని చదవడానికీ జాతరలో చూడడానికీ ఉన్నంత తేడా. ఈ ఆటకి విమర్శ అంటూ ఏదైనా జరిగిందంటే, అది ఆ కుర్చీ వెనకే జరిగింది.

మరి ఇదంతా దొంగ సరుకే కదా అని అడగొచ్చు. అడగాల్సిందే. ఇక్కడ బోధన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్ళతో ఈ ప్రాంతంలో చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. సీజన్‌లో చెరకు బండ్లు బారులు తీరితే, పిల్లలు వెనకనుంచి ఒక గడ గుంజుకుని ఉరికేవాళ్ళు. బండివాడు తిట్టేవాడు, కర్ర ఊపేవాడు. దాన్ని దొంగతనమని మాత్రం ఎవరూ అనలేదు. ఫ్లాపీ కాపీని కూడా ఈ ప్రాంతం పిల్లలు అదే లెక్కలో చూశారని నాకనిపిస్తుంది. కాకపోతే గడ గుంజితే బండిలో ఒక గడ తగ్గుతుంది, తూకంలో రైతుకి ఆ మేరకు పోతుంది. ఫ్లాపీలో డేవ్ తగ్గడు. అలాగని రాసినవాడికి ఏమీ పోలేదని కూడా అనలేం. వందల మెషిన్లలో తన ఆట ఆడుతుంటే, పైసా సంగతి అటుంచి, ఆ కబురైనా అతనికి అందలేదు.

అయితే ఈ కాపీ కథకి అటువైపు ఇంకో మలుపుంది. 1990 నాటికి రొమేరో అమెరికాలోనే ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్ళో సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో పనిచేస్తున్నాడు. అప్పటి పీసీలో మారియోలాగా తెర నునుపుగా పక్కకి జరగడం కుదిరేది కాదు. డేవ్ ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: వాడు అంచుకి చేరితే దృశ్యం ఒక్క విసురుతో మారిపోతుంది. ప్రతిసారీ తెరంతా మళ్ళీ గీసే వేగం ఆ మెషిన్‌కి లేదు. రొమేరో సహోద్యోగి జాన్ కార్మాక్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. మారిన ముక్కల్ని మాత్రమే గీస్తే సరిపోతుంది. ఆకాశం నీలంగానే ఉన్నప్పుడు నీలం మీద మళ్ళీ నీలం పూయడం దేనికి?

ఆ సెప్టెంబరులో ఒక రాత్రి కార్మాక్, టామ్ హాల్ ఇద్దరూ కూర్చుని సూపర్ మారియో బ్రదర్స్ 3లోని మొదటి అంకాన్ని ఉన్నదున్నట్టు పీసీ మీదికి దించేశారు. మారియో స్థానంలో మాత్రం డేవ్‌ని నిలబెట్టారు. పొద్దున రొమేరో వచ్చేసరికి బల్ల మీద ఫ్లాపీ ఉంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్'. తెలుగులో చెప్పాలంటే, కాపీహక్కు ఉల్లంఘనలో డేంజరస్ డేవ్! మొత్తం డేవ్ సాహిత్యంలో ఇంతకు మించిన జోకు లేదు. చేస్తున్నది తప్పని తెలుసు, ఆ తప్పునే పేరుగా పెట్టుకున్నారు.

తర్వాత పూర్తి మారియో నమూనా చేసి నింటెండోకి పంపితే, పీసీ మార్కెట్ మాకొద్దని వాళ్ళు తిప్పి పంపారు. అదే ఉపాయంతో 'కమాండర్ కీన్' అనే సొంత ఆట రాశారు. అన్నయ్య హెల్మెట్ పెట్టుకుని అంగారకుడి మీదికి పోయే ఎనిమిదేళ్ళ పిల్లవాడి హాస్యకథ. 1990 డిసెంబరు 14న వచ్చింది, మెప్పు పొందింది, బాగా అమ్ముడుపోయింది. 1991 ఫిబ్రవరిలో వాళ్ళు ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టారు. 1993లో 'డూమ్' రాశారు. ఆటల చరిత్ర పుస్తకాల్లో డూమ్‌కి అధ్యాయాలుంటాయి, డేవ్‌కి ఒకటో రెండో పేజీలు. అవి కూడా ఎక్కువగా ఆ రాత్రి గురించే.

ఆ మారియో నమూనా ఫ్లాపీని 2021లో అమెరికాలోని రోచెస్టర్ నగరపు స్ట్రాంగ్ మ్యూజియం సేకరించి భద్రపరిచింది. ఎవరూ అమ్మని, అనుమతి లేని ఒక కాపీకి అక్కడ చరిత్రలో చోటు దొరికింది. దాని వెనక ఎవరు కూర్చున్నారో, ఏ రాత్రి చేశారో, ఎవరు వద్దన్నారో అన్నీ నమోదయ్యాయి. ఇటువైపు కాపీల సంగతి చూడండి. ల్యాబు మెషిన్లు పాత సామాన్లవాడికి పోయాయి. ఫ్లాపీలు బూజుపట్టాయి. ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు మారాయి. ఒకే నేరం, ఒకే ఆట. ఒకచోట అది వస్తువై అద్దాల వెనకకి చేరింది, ఇంకోచోట ఆనవాలు కూడా మిగల్లేదు.

చరిత్ర లేకపోవడానికీ చరిత్ర రాయకపోవడానికీ తేడా ఈ ప్రాంతానికి బాగా తెలుసు. షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. అయినా దాని కథ పూర్తిగా పోదు. ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి, కోర్టు కాగితాలున్నాయి, జీతాల కోసం తిరిగిన కార్మికులున్నారు, తెరిపిస్తామనే మాట ఎన్నికలప్పుడల్లా వినబడుతూనే ఉంటుంది. ఎవరికీ రశీదు ఇవ్వని ఆనందాలకి అలాంటి కాగితాలు ఉండవు. అవి ఆడినవాళ్ళ మాటల్లోనే ఉంటాయి, వాళ్ళతోనే పోతాయి.

డేవ్ ఇప్పుడు బ్రౌజర్‌లోనే దొరుకుతాడు. ఆడితే పది నిమిషాల్లో విసుగొస్తుంది, వెనక ఎవరూ ఉండరు కదా. ఆట మిగిలింది, ఆట చుట్టూ ఉన్నది మిగల్లేదు. మన దగ్గర రాయాల్సింది ఆ రెండోదాని గురించి: ఏ ఊరి ల్యాబులో, ఏ అన్న తెచ్చిన ఫ్లాపీలో, డేవ్‌ని ఏ ఫోల్డర్‌లో దాచారు, ఎవరు పట్టుకున్నారు. ఈ వివరాలు తెలిసినవాళ్ళకి ఇప్పుడు ముప్పై అయిదు, నలభై ఏళ్ళు. జ్ఞాపకం ఇంకా చెదరలేదు. అడిగితే చెబుతారు.