కావా తాగినవారి చర్మం

మన మిరియాల తీగకూ తమలపాకు తీగకూ దాయాది అయిన మొక్క ఒకటి పసిఫిక్ దీవుల్లో ఉంది. దాని వేళ్లను నమిలో దంచో నీళ్లలో పిసికి వడగడితే వచ్చే పానీయమే కావా. తాగితే నాలుక కాసేపు మొద్దుబారి, ఒళ్లు సడలి, మనసు నెమ్మదిస్తుంది. నెలల తరబడి మితిమీరి తాగేవారికి చర్మం ఎండిపోయి పొలుసులు పొలుసులుగా లేస్తుంది. ఫిజీ వాసులు దాన్ని కనికని అంటారు. ఈ చర్మం గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయాలు పద్దెనిమిదో శతాబ్దంలోనే కాగితం మీదికి ఎక్కాయి. తర్వాత వచ్చినవారు చాలామంది వాటిని వదిలేసి, తమ నమ్మకాలనే ఆ పొలుసుల్లో చదువుకున్నారు.

1779లో హవాయి చేరిన బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ బృందంలోని అధికారి జేమ్స్ కింగ్ ఈ పానీయాన్ని ఏమాత్రం మెచ్చుకోలేదు. తెల్లటి పొట్టు కమ్మిన ఒళ్లు, ఎర్రబారిన కళ్లు, చిక్కిపోయిన దేహాలు ఆయనకు విషం చేసిన పనిగానే కనిపించాయి. అయినా చూసింది చూసినట్టు రాశాడు. అక్కడ కావా తాగే హక్కు నాయకులది. పన్నెండేళ్ల రాజకుమారుడొకడు తన పక్కటెముకల దగ్గర పొలుసు కట్టడం మొదలైన చిన్న మచ్చను గర్వంగా చూపించాడట. మనకు జబ్బనిపించేది ఆ పిల్లవాడికి పెద్దల వరుసలో చేరినట్టు గుర్తు. అంతకన్నా విలువైన సంగతి, తాగడం మానిన ఇద్దరు పూజారులు కొద్ది రోజుల్లోనే ఎంతో తేరుకున్నారని ఆయన నమోదు చేయడం. తాగుడు పెరిగితే వస్తుంది, మానితే పోతుంది. ఇద్దరిని చూసి ఇంత మాట నమ్మవచ్చా అంటే, ఒక్క కింగ్‌నే నమ్మనక్కరలేదు. మానిన కొన్ని వారాల్లో, నెలల్లో చర్మం మామూలవుతుందని ఇరవయ్యో శతాబ్దపు వైద్యులూ చూశారు.

1797లో తహితికి, 1820లో హవాయికి వచ్చిన మిషనరీలకు ఈ తిరిగి కోలుకునే గుణంతో పనిలేకపోయింది. కావా వారి దృష్టిలో పాత దేవతల పూజలో భాగం కాబట్టి, పొలుసులు చెడునడతకు సాక్ష్యమయ్యాయి. వైద్యం వచ్చాక తీర్పు మారింది గానీ తొందరపాటు పోలేదు. నయాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బును ఆ చర్మం గుర్తుచేస్తుంది కనుక, ఆ లోపమే కారణమన్నారు. దక్కన్‌లో జొన్న తినేవారి పెల్లాగ్రా మీద హైదరాబాద్‌లో సి. గోపాలన్ బృందం చేసిన పరిశోధన తెలిసిన మనకు ఆ ఊహ సహజంగానే తోస్తుంది. కానీ టోంగాలో కావా తాగే 29 మందిలో కొందరికి నయాసిన్‌కే ఒక రూపమైన నికోటినమైడ్ రోజుకు 100 మిల్లీగ్రాములు, మిగతావారికి ఉత్తి మాత్ర మూడు వారాలిచ్చి చూస్తే తేడా ఏమీ రాలేదు. 1990లో వెలువడిన ఆ ఫలితంతో లోపం సిద్ధాంతం నిలబడలేదు.

ఇలా చెబితే కావాను వెనకేసుకొచ్చినట్టు అవుతుందని అభ్యంతరం రావచ్చు. ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌ను చూస్తే ఆ భయం ఉత్తది కాదు. సారాకు బదులుగా 1980ల తొలినాళ్లలో కావా అక్కడికి వెళ్లింది. తరతరాల ఆచారం పెట్టిన హద్దులు లేనిచోట కొందరు విపరీతంగా తాగారు. వైద్యులు పరీక్షించిన వారిలో పొలుసుల చర్మంతో పాటు బరువు తగ్గినవారూ కనిపించారు. ఆ బరువు తగ్గడాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే దానికి విరుగుడు తాగుడు తగ్గించడమే. చర్మాన్ని చూసి మనిషి గుణం మీద తీర్పు చెబితే, సిగ్గుపడి దాచుకునేవాడు వైద్యుడి దగ్గరికి వెళ్లడు. ఇది మనవాళ్లకూ పట్టే విషయం. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారున్నారు. అక్కడి భారతీయ సంతతి ఈ పానీయాన్ని నంగోనా అని పిలుచుకుంటూ పెళ్లిళ్లలో, సాయంకాలపు కూటముల్లో తమదిగా చేసుకుంది. వారిలో ఎవరికైనా కాళ్ల మీద పొట్టు లేస్తే ముందుగా అడగవలసింది రోజుకు ఎన్ని చిప్పల కావా తాగుతున్నారని.