నిరీక్షణ

'నిర్' అను ఉపసర్గ, చూచుట యను అర్థముగల 'ఈక్ష' ధాతువుతో గూడి యేర్పడిన ఈ తత్సమము లోకవ్యవహారమున ఎదురుచూపుగా నిలువగా, తెలుగు బైబిలు దీనినే ఆశకు, అందును పునరుత్థానమును గూర్చిన ఆశకు, పేరుగా గైకొన్నది.

ఇట్టి ఆశతో పరలోకమును నమ్మినవారు ఇహమును ఉపేక్షింతురను మాట నాకు సమ్మతము గాదు. 1944లో స్ట్రెప్టోమైసిన్ వెలువడుటకు మునుపు, మంచిగాలియు, పుష్టికరమైన ఆహారమును, నెలల తరబడి విశ్రాంతియునే క్షయకు ముఖ్యచికిత్సలైన దినములలో, చిత్తూరు సీమలోని మదనపల్లె చెంత మిషను సంఘములు కలసి నెలకొల్పిన ఆరోగ్యవరము శానిటోరియమున, డేనిష్ వైద్యుడు ఫ్రీమోట్ మోలరు మొదలగువారు రోగుల కఫమును పరీక్షించుచు, జ్వరమును కొలుచుచు చేసిన సేవ ఆ నిరీక్షణకు క్రియారూపము. మన నిఘంటువులలో ఈ పదమునకు ఆశ యను అర్థమును విధిగా చేర్పవలెను.