నివురుగప్పిన నిప్పు: మధుమేహము, స్టాటిన్ మందులు

శరీరమున ఒకచోట దెబ్బ తగిలినప్పుడు అచ్చట ఎరుపు, వాపు, వేడి, నొప్పి పుట్టునని రోమను పండితుడు సెల్సస్ క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందే వ్రాసియుంచెను. దీనినే వైద్యులు శోథమందురు. పుండుపై కనిపించు శోథము ఎల్లరకును తెలిసినదే. కంటికి కానరాక, నొప్పియు తెలియనీయక, రక్తనాళముల గోడలలో ఏండ్ల తరబడి నివురుగప్పిన నిప్పువలె రగులుచుండు శోథము వేరొకటి గలదు. మధుమేహ రోగులను గుండెపోటునకును, పక్షవాతమునకును గురిచేయు కారణములలో ఇదియు నొకటి.

జర్మను వైద్యుడు విర్కో 19వ శతాబ్ది నడుమనే ధమనుల వ్యాధి శోథమునకు సంబంధించినదని వాదించెను. మధుమేహము విషయమునను పాత సాక్ష్యమే కలదు. 1876లో జర్మనీలో ఎబ్‌స్టైన్, 1901లో ఇంగ్లండులో విలియంసన్, సాలిసిలేట్ లవణమిచ్చినచో కొందరు రోగుల మూత్రములో చక్కెర తగ్గుటను గమనించి ప్రకటించిరి. ఆ లవణము శోథమును అణచు మందు. 1921లో ఇన్సులిన్ కనుగొనబడిన పిదప ఈ వ్రాతలు చాలవరకు మరుగున పడినవి. 1993లో అమెరికాలో హోటమిస్లిగిల్ ప్రభృతులు, స్థూలకాయముగల ఎలుకల క్రొవ్వులో శోథమును ప్రేరేపించు పదార్థము తయారగుచున్నదనియు, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుచున్నదనియు చూపిరి. అప్పుడు గాని ఆ పాత మాట మరల పెద్ద చర్చకు రాలేదు.

ఇక మందు కథ. జపానులో అకిటా ప్రాంతపు రైతుబిడ్డ అకీరా ఎండో. టోక్యోలోని సాంక్యో మందుల సంస్థలో 1971లో ఈయన ఒక అన్వేషణకు పూనుకొనెను. సూక్ష్మజీవులతో పోటీపడు బూజులు, వాటి కొలెస్టరాల్ తయారీని ఆపు పదార్థమును పుట్టించుచుండునేమో యని ఆయన ఊహ. సుమారు ఆరువేల రకముల బూజులను, వానివంటి జీవులను పరీక్షించిన మీదట, 1973లో కాంపాక్టిన్ చేజిక్కినది. దానిని ఇచ్చినది క్యోటో నగరములో ఒక ధాన్యపు అంగడినుండి తెచ్చిన బియ్యములోని బూజు. ముక్కిన బియ్యమును మన యిల్లాండ్రు ఎండబోసి చెరిగి, బూజును దులిపివేయుదురు గదా!

ఇంత చేసినను ఎలుకలలో ఆ మందు పనిచేయలేదు. ఎండో పని అంతటితో ముగియవలసినదే. 1976లో కిటానో అను సహోద్యోగి కోళ్లను పెంచుచున్నట్లు ఆయనకు తెలిసినది. గ్రుడ్డు సొనలో కొలెస్టరాల్ మెండు. కనుక కోడి రక్తములోను అది ఉండక తప్పదు. కోళ్ల మేతలో కాంపాక్టిన్ కలుపగా, వాటి కొలెస్టరాల్ దాదాపు సగమునకు పడిపోయినది. ఈ జాతికి చెందిన లోవాస్టాటిన్‌ను 1987లో అమెరికా ప్రభుత్వము మొదటగా అనుమతించినది. ఎండో 2024లో మరణించెను. ఆయనకు నోబెల్ బహుమతి రాకపోవుట నాకు సమంజసముగా తోచదు.

మధుమేహ రోగులకు ఈ మందుల మేలు 2004లో నిస్సంశయముగా తేలినది. బ్రిటను, ఐర్లండులలో 2,838 మంది రోగులపై నడచిన ‘కార్డ్స్’ పరిశోధనలో, దినమునకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ గుండె, నాళముల ఉపద్రవములను 37 శాతము తగ్గించినది. ఫలితము స్పష్టమగుటచే పరిశోధనను ఇంచుమించు రెండేండ్లు ముందుగనే నిలిపివేసిరి.

అయితే ఈ మేలు కొలెస్టరాల్ తగ్గుటవలన మాత్రమే కలిగినదా, నిప్పు చల్లారుటవలన కూడనా? నిప్పును కొలుచుటకు ఒక సాధనమున్నది. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తములో కనుగొనిన సి-రియాక్టివ్ ప్రోటీను అది. శోథము పెరిగినచో అదియు పెరుగును. 1999లో రిడ్కర్ అను అమెరికను వైద్యుడు, ప్రవాస్టాటిన్ వాడినవారిలో ఈ ప్రోటీను తగ్గినదనియు, ఆ తగ్గుదల కొలెస్టరాల్ తగ్గుదలకు అనుగుణముగా లేదనియు ప్రకటించెను. 2003లో హాలండు వైద్యులు మధుమేహ రోగులలోనే, అటోర్వాస్టాటిన్ మోతాదు హెచ్చుగ నున్నప్పుడు ఈ ప్రోటీను బాగుగ తగ్గుటను చూపిరి. ఒకే మాత్ర రెండు పనులును చేయుచుండగా ఏ పని ఫలమెంతయో వేరుచేయుట కష్టము. 2017లో ‘కాంటోస్’ పరిశోధన ఆ చిక్కును కొంత విప్పినది. కొలెస్టరాల్‌ను ముట్టక శోథమును మాత్రమే అణచు కెనకినుమాబ్ అను సూదిమందు, 10,061 మందిపై జరిగిన ఆ పరీక్షలో ఒక మోతాదున గుండె ఉపద్రవములను 15 శాతము తగ్గించినది. కాని ప్రాణాంతకమైన అంటురోగములు దానివలన కొంత హెచ్చినవి.

స్టాటిన్‌కును ఒక వింత దోషమున్నది. 13 పరిశోధనలలోని 91,140 మంది వివరములను 2010లో కలిపి చూడగా, ఈ మందు వాడినవారిలో క్రొత్తగా మధుమేహము వచ్చుట 9 శాతము అధికమని తేలినది. 255 మంది నాలుగేండ్లు వాడినచో అదనముగా ఒకరికి అన్నమాట. శోథమును చల్లార్చు మందే చక్కెరను కొంచెము పెంచుట ఆశ్చర్యకరము. అయినను, మధుమేహమున్నవారికి గుండెకు కలుగు రక్షణ ఈ స్వల్పమైన పెరుగుదలకంటె చాల గొప్పదని వైద్యుల నిర్ణయము. ఈ వార్త విని భయపడి మాత్రను తమంతట మానివేసినవారు, చక్కెర పరీక్ష చేయించుకొని మరల వైద్యుని సంప్రదించుట మంచిది.